ఇరవై మూడు అంగుళాలు

ఆ వేసవిలో మా ఇంటికి పిల్లలు వచ్చారు. ఇందులో వింతేముంది అంటారు మీరు. సెలవుల్లో ఎవరింటికైనా పిల్లలు వస్తారు, తలుపులు బాదుతారు, మంచినీళ్ళన్నీ తాగేసి పోతారు. మా ఇంటికి అంతకుముందు పదకొండేళ్ళలో ఒక్క పిల్లా రాలేదు. వాళ్ళెందుకు వచ్చారో, ఎందుకు పోయారో చెబుతాను. చెప్పుకుని మురిసిపోయే సంగతేం కాదు.

నేను వెల్డర్ని. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాను. మాకొక్కతే కూతురు, అప్పటికి పదకొండేళ్ళది. పుట్టినప్పటి నుంచీ దానికి నడుం కింద స్పర్శ లేదు. ఇంట్లో దాన్ని దొరసాని అంటాం, ఎందుకంటే కుర్చీలోంచి కదలకుండానే నా చేతా, వాళ్ళమ్మ చేతా ఇల్లంతా ఉరుకులు పెట్టించగలదు. నోరు విప్పిందంటే ఎదుటివాడు ఉతికిన బట్టే. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చక్రాల కుర్చీ మా వంటగది గుమ్మంలో పట్టకపోతే, నేనే గొట్టాలు వంచి, సైకిలు చక్రాలు తగిలించి దానికి సన్నటి కుర్చీ కట్టాను. వెడల్పు ఇరవై ఒక్క అంగుళాలు. ఆసుపత్రి కుర్చీని తిరిగిచ్చేశాం. అంతే, ఆ తర్వాత నా కంటికి కుర్చీ అంటే ఆ కుర్చీయే. లోకంలో ఇంకో కొలత ఉందన్న సంగతే మర్చిపోయాను.

ఆ ఏడు పార్కులో కొత్త ఆటస్థలం కట్టారు. నడిచే పిల్లలూ, నడవలేని పిల్లలూ కలిసి ఆడుకోవాలని. మెత్తటి నేల, జారుడుబల్ల మీదికి మెట్ల బదులు వాలుదారి, కుర్చీతో సహా ఎక్కి ఊగే ఉయ్యాల. ఆ ఉయ్యాల పని నాకు వచ్చింది. ఇంజనీరు స్వయంగా మా షెడ్డుకొచ్చి, కాగితం బల్ల మీద పరిచాడు.

"వెడల్పు దగ్గర ఖాళీ వదిలేశాను. నీకు నేను చెప్పడమేంటి? కొలత మీ ఇంట్లోనే ఉంది కదా" అన్నాడు.

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను. ఇన్నేళ్ళూ మా పిల్లని చూసి జాలిపడినవాళ్ళే గానీ, దాని వల్ల నాకు ఒక విద్య తెలిసిందని ఎవరన్నారు? ఆ సాయంత్రమే దొరసానిని షెడ్డుకి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టే టేపు పట్టాను. అటో అంగుళం, ఇటో అంగుళం వదిలాను. మొత్తం ఇరవై మూడు.

"మరీ వదులు చెయ్యకు నాన్నా. ఊగేటప్పుడు డబ్బాలో శనగగింజలా దొర్లుతాను" అంది.

"అమ్మగారి ఆజ్ఞ" అన్నాను.

ఆ ఇరవై మూడూ ఎంత శ్రద్ధగా గీశానో! కుర్చీ నిలబడే ఉయ్యాల బల్లకి రెండు వైపులా నడుమెత్తు గొట్టాలు పెట్టాను. ముందు మడత తలుపు. అది దించితే వాలుదారి, ఎత్తి గడియ వేస్తే గోడ. కుర్చీ వెనక ఇద్దరు పిల్లలు నిలబడి ఊగడానికి మెట్టు కూడా పెట్టాను. జీవితంలో అంత నున్నగా అతుకు ఎప్పుడూ వెయ్యలేదు.

ప్రారంభం రోజు ఎవరో పెద్దాయన రిబ్బను కత్తిరించాడు. దొరసాని కొత్త గౌనులో ఉయ్యాలెక్కింది. ఫొటోలు తీశారు. "నవ్వమ్మా" అంటే, "మీరు నవ్వించండి" అంది ఫొటోగ్రాఫరుతో. అందరూ పడీపడీ నవ్వారు. ఇంజనీరు నా భుజం మీద చెయ్యేసి, ఇలాంటివి ఇంకో మూడు పార్కుల్లో కడతామని, అన్నీ ఇతనికేనని ఆ పెద్దాయనతో చెబుతున్నాడు.

అప్పుడు టైలరమ్మ వాళ్ళ అమ్మాయితో వచ్చింది. మార్కెట్టు సందులో మిషను పెట్టుకుని జాకెట్లు, గౌనులు కుట్టే ఆవిడ. ఆ అమ్మాయికీ పదీ పదకొండేళ్ళుంటాయి. ఆసుపత్రి కుర్చీలో, తన చేతులతో తనే చక్రాలు తిప్పుకుంటూ, తల్లికంటే ముందే వచ్చేసింది. వాలుదారి ఎక్కింది. 'ఠంగ్' మని చప్పుడైంది. వెనక్కి వెళ్ళి, చూసుకుని, మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఠంగ్.

"పట్టట్లేదన్నయ్యా. మాకు తొయ్యడం రావట్లేదేమో, మీరోసారి చూడరూ?" అంది టైలరమ్మ.

చూడక్కర్లేదు. చక్రం తగలకముందే నా కంటికి తెలిసిపోయింది. రెండంగుళాలు తక్కువ. ఇంజనీరు చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. "పొరపాటు నాది" అనడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపు కూడా పట్టకుండా వేరే మాట వచ్చింది.

"మీ కుర్చీ పాతరకందమ్మా. వెడల్పెక్కువ. ఉయ్యాలలో తేడా ఏం లేదు."

"మరెలా అన్నయ్యా?"

"చక్రాల పక్కన చేత్తో తిప్పుకునే గొట్టాలున్నాయే, అవి తీయిస్తే పడుతుందిలే" అని నోటికొచ్చింది అనేసి, ఎవరో పిలిచినట్టు అవతలికి పోయాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ నిలదీసింది. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని ఆమెది. అరమిల్లీమీటరు తేడా వచ్చినా కాగితాల కట్ట పక్కన పడేసే మనిషి. అలాంటి మనిషి దగ్గర దాస్తే దాగుతుందా?

"కొలత మన కుర్చీకే తీశాను" అని ఒప్పుకున్నాను.

"రేపే వెళ్ళి సరిచెయ్యి."

"చేస్తాలే. ఇవాళే ఫొటోలు దిగి, రేపే కోస్తే ఏం బాగుంటుంది?"

దొరసాని మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. దాన్ని నవ్విద్దామనిపించింది. అసలు నన్ను నేను నవ్వించుకుందామనిపించింది. "ఏం చేస్తాం, దొరసానిగారి ఉయ్యాల దొరసానిగారికే. ఊళ్ళో ఇంకెవరి కుర్చీ పట్టదు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

అది చప్పట్లు కొట్టింది. "ఎవరికీ చెప్పకు నాన్నా" అంది.

"నువ్వూ చెప్పకు" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మా తలుపు చప్పుడైంది. తీస్తే ఆరుగురు పిల్లలు. ముందు రెండు జడల పిల్ల. "అంకుల్, దొరసాని ఉందా? ఆడుకోవడానికి పంపుతారా?"

సంగతేమిటంటే, చక్రాల కుర్చీ వచ్చి ఎక్కితే తప్ప ఆ ఉయ్యాల తాళం తీయొద్దని వాచ్‌మన్‌కి ఆర్డరు. ఇంకో ముగ్గురు కుర్చీల పిల్లలు మొదటి రెండు రోజులూ వచ్చి, తగిలించుకుని, వెళ్ళిపోయారు. ఊగాలంటే ఇక మా దొరసాని రావాలి. అది వస్తే దాని వెనక మెట్టు మీద ఇద్దరు ఎక్కొచ్చు, మిగతావాళ్ళు ఊపొచ్చు. ఊరి పిల్లలందరికీ మా పిల్లతో అవసరం పడింది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, ఆ ఆరుగురూ పోటీపడి దాని కుర్చీ తోసుకుంటూ వీధి మలుపు తిరుగుతుంటే, నేను గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. రోజూ అదే. పొద్దున తీసుకెళ్ళి, ఎండ నెత్తికెక్కే వేళకి దింపేవాళ్ళు. మధ్యాహ్నాలు మా వరండాలోనే పడి ఆడేవాళ్ళు. మా ఆవిడ ప్రెస్సు నుంచి అట్టముక్కలు తెచ్చి వాళ్ళకి ఆటలు కట్టి ఇచ్చేది. దొరసాని ఎవరు ముందు ఊగాలో, ఎవరు తర్వాతో జాబితా రాసి, గోడకి అంటించింది. దాని ఆకలి పెరిగింది. పాటలు మొదలుపెట్టింది. పాడకపోతేనే నయం అన్నట్టుండేవి, అది వేరే సంగతి.

"రేపే సరిచెయ్యమన్నావుగా?" అని ఒకరోజు నేనే మా ఆవిడతో అన్నాను.

ఆమె అట్టముక్క కత్తిరిస్తూ తలెత్తలేదు. "ఈ సెలవులు అయిపోనీ. బడి తెరిచాక చెయ్యి. అప్పటిదాకా ఎవరి కొంప మునుగుతుంది?" అంది.

ఇంజనీరు కూడా ఒకసారి ఫోను చేశాడు. "ఏదో కుర్చీ పట్టట్లేదట?" అన్నాడు. "అది పాతరకం కుర్చీ సార్" అన్నాను. "అదే అనుకున్నా" అని పెట్టేశాడు. అబద్ధం ఎంత సులువుగా నడుస్తుందో ఆ వేసవిలోనే తెలిసింది.

టైలరమ్మ కూతురు మాత్రం రోజూ వచ్చేది. తల్లి మిషను దగ్గర కూర్చునే ముందు దింపి వెళ్ళేది. ఉయ్యాలకి నాలుగడుగుల దూరంలో, కంచె పక్కన కుర్చీ ఆపుకుని చూసేది. అడిగేది కాదు, ఏడ్చేది కాదు. ఎవరిదైనా బంతి దొర్లి వస్తే చక్రాలు తిప్పుకుంటూ గబగబా వెళ్ళి అందించేది. అందుకోసమే వచ్చినట్టు ఉండేది.

ఒకరోజు ఉయ్యాల బేరింగులకి గ్రీజు పెట్టడానికి వెళ్ళాను. కంచె ఇవతల నుంచే దొరసాని గొంతు వినిపించింది.

"జరగండి జరగండి! లారీ వచ్చింది, లారీ! ఈ రోడ్డులో లారీలకి ప్రవేశం లేదు!"

పిల్లలు విరగబడి నవ్వారు. రెండు జడల పిల్ల లారీ హారను మోగించింది. ఎవరా లారీ అని చూస్తే టైలరమ్మ కూతురు. మా పిల్లని ఎవరైనా అలా అంటే మెడ పట్టుకునేవాణ్ణి. మా పిల్లే అంటుంటే ఏం పట్టుకోవాలో తెలియలేదు. గ్రీజు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేశాను. మా ఆవిడకి చెబితే, "పిల్లలన్నాక..." అని ఆగిపోయింది.

బడి తెరవడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఆ గ్రీజు పని అలాగే మిగిలిపోయిందని మళ్ళీ వెళ్ళాను. బేరింగు విప్పుతుంటే వెనక నుంచి పిలుపు.

"అన్నయ్యా! ఇక్కడే దొరికారు, మంచిదైంది."

టైలరమ్మ. కూతురి కుర్చీని తనే తోసుకొస్తోంది. చెమటలు కక్కుతోంది.

"మీరు చెప్పినట్టే తీయించానన్నయ్యా. బోల్టులు తుప్పు పట్టి రాలేదట, సైకిలు షాపతను రంపం పెట్టి కోసేశాడు. ఇప్పుడు పడుతుంది కదూ?"

చూశాను. చక్రాల పక్కన చేత్తో పట్టుకుని తిప్పుకునే గొట్టాలు లేవు. కోసిన మొనలు ఆకురాయితో రుద్దించినట్టున్నారు, తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అలవాటుగా ఒకసారి చెయ్యి పక్కకి జారింది. అక్కడేం తగల్లేదు. మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"తీసేస్తే మరి... ఎలా తిప్పుకుంటుంది?" అన్నాను.

"నేను తోస్తాగా. ఒక్కసారి ఊగితే చాలంటోంది అన్నయ్యా. సెలవులు అయిపోతున్నాయని రాత్రుళ్ళు నిద్ర కూడా పోవట్లేదు."

దొరసాని కుర్చీని దింపించాను. "త్వరగా కానివ్వండి, మావాళ్ళు కాచుక్కూర్చున్నారు" అంది అది. టైలరమ్మ కుర్చీని వాలుదారి మీదికి తోసింది. చక్రాలు గొట్టాల మధ్యకి వచ్చాయి. ఒక జానెడు లోపలికి వెళ్ళాయి కూడా. ఆ పిల్ల ఊపిరి బిగపట్టింది. కుర్చీ అక్కడ ఆగిపోయింది.

గడియ కోసం లోపలివైపు నేను అతికిన ఇనుప ముక్క అడ్డం తగిలింది. చిటికెనవేలి మందం ఉంటుంది. గ్రైండరు పెడితే ఐదు నిమిషాల పని. నేనిచ్చిన సలహా నిజం కావడానికైనా, నలభై రోజుల్లో ఏ రోజైనా ఐదు నిమిషాలు.

అప్పుడు వెనక నుంచి దొరసాని అంది: "పాపం, లారీకి అద్దాలు మడిచినా పట్టలేదు!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వులో ఇంకో కొత్త నవ్వు వినిపించి చూశాను. టైలరమ్మ కూతురు. అది కూడా నవ్వుతోంది. వాళ్ళందరి వైపూ చూస్తూ, వాళ్ళు ఆపాక కూడా ఇంకా నవ్వుతోంది.

"పోన్లే అన్నయ్యా. మా కుర్చీ అలాంటిదైతే మీరు మాత్రం ఏం చేస్తారు" అని టైలరమ్మ కుర్చీని వెనక్కి లాక్కుంది.

మర్నాడు పార్కు తెరవకముందే వెళ్ళి, వాచ్‌మన్ చేత తాళం తీయించి, ఉయ్యాలని విప్పి షెడ్డుకి తెచ్చేశాను. అరగంటలో దొరసాని వచ్చింది. తనే తిప్పుకుంటూ, రోడ్డు దాటి, ఒక్కతే వచ్చింది. అంత దూరం అది ఎప్పుడూ ఒంటరిగా రాలేదు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"వెడల్పు చేస్తున్నా."

"బడి తెరిచాక చెయ్యమంది కదా అమ్మ. నీతో అంటుంటే నేను విన్నా. ఇంకా పద్నాలుగు రోజులుంది."

"ఆ పిల్లని చూశావుగా అమ్మా. కుర్చీని కోయించేశారు. చేతులున్నా కదల్లేకపోతోంది."

"నేనేమైనా కొయ్యమన్నానా?"

"నువ్వు దాన్ని అలా వెక్కిరించొచ్చా? నీలాంటిదే కదా?"

"నాలాంటిది కాబట్టే" అంది. "వాళ్ళు ఎవర్నో ఒకర్ని చూసి నవ్వుతారు నాన్నా. అదుంటే నన్ను చూసి నవ్వరు."

నేను గొట్టాన్ని బల్లకి బిగించాను. దొరసాని ఆపలేదు.

"వాళ్ళు ఉయ్యాల కోసమే వస్తున్నారని నాకు తెలీదనుకున్నావా? తెలుసు. అయినా సరే వస్తున్నారుగా! నాలుగు కుర్చీలు పడితే నా ఒక్కదాని కోసం మనింటికెందుకొస్తారు? పద్నాలుగు రోజులు నాన్నా. పద్నాలుగంటే పద్నాలుగే." దొరసాని నన్ను బతిమాలడం అదే మొదలు, అదే ఆఖరు.

"అటు తిరుగమ్మా, మంట కళ్ళకి తగులుతుంది" అన్నాను. మాస్కు దించుకున్నాను. మాస్కు వెనక ఎవరి మొహమూ చూడక్కర్లేదు. మళ్ళీ ఎత్తేసరికి అది లేదు.

రెండు రోజుల్లో పని ముగించాను. ముప్ఫై అంగుళాలు. గడియ ముక్క బయటికి మార్చాను. దొరసాని సన్నకుర్చీ జారకుండా పక్కన గొలుసులు పెట్టాను. అంతటితో ఆగలేక, టైలరమ్మ కూతురి చక్రాలకి స్టీలు గొట్టాలు గుండ్రంగా వంచి, కొత్తవి చేసి, మెరుగు పెట్టి బిగించాను. ఇంజనీరుకి మాత్రం, "ఎండకి ఫ్రేము లోపలికి వంగింది సార్, సరిచేశాను" అని చెప్పాను. టైలరమ్మకీ అదే చెప్పాను. ఇనుము కోసినంత తేలిగ్గా మాట కొయ్యలేకపోయాను. మా ఆవిడ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మొదట సరిచెయ్యమన్నది తనేనని నేనూ గుర్తుచెయ్యలేదు.

మూడో రోజు ఉయ్యాల బిగించాం. మొదట టైలరమ్మ కూతురే ఎక్కింది. ఏ చప్పుడూ లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కసారి ఊగేసరికి ఆ పిల్ల కేక పెట్టింది. ఇన్నాళ్ళూ నోరు మెదపని పిల్ల, "అమ్మా! అమ్మా! అమ్మా!" అని ప్రతి ఊపుకీ అరుస్తోంది. ఆ అరుపుకి జారుడుబల్ల మీది పిల్లలు కూడా పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు వెనక మెట్టెక్కేశారు. రెండు జడల పిల్ల మా దొరసాని కుర్చీ వెనక నిలబడి ఉంది. ఒక నిమిషం అటూ ఇటూ చూసి, "నేను ఊపుతా, నేను ఊపుతా" అంటూ అటు పరిగెత్తింది.

దొరసాని ఒక్కతే మిగిలింది. నేను దాని పక్కకెళ్ళి నిలబడ్డాను.

టైలరమ్మ కళ్ళనిండా నీళ్ళతో వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది. "మా పిల్ల నవ్వు చూడండన్నయ్యా. సొంత అన్నైనా ఇంత చెయ్యడు. ఎండకి వంగితే మీరు మాత్రం ఏం చేస్తారు, అయినా మీకు మీరే కనిపెట్టి..."

"ఎండకి వంగలేదు" అంది దొరసాని.

టైలరమ్మ దాని వైపు తిరిగింది.

"కొలతే తప్పు తీశాడు. మొదటి రోజే తెలుసు. ఇంటికొచ్చి మాకు చెప్పాడు. నీదొక్కదానిదే, ఇంకెవరి కుర్చీ పట్టదు అని చెప్పి నవ్వాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

గట్టిగానే అంది. నా పరువు తియ్యాలనే అంది. ఆ క్షణాన దాని మొహంలో గెలుపు కనిపించింది. నేనేం దాచను, ఆ క్షణంలో నా కూతురంటే నాకు అసహ్యం వేసింది.

టైలరమ్మ నా చేతులు వదిలేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామని తల వంచుకున్నాను. ఆవిడ నన్ను చూడను కూడా లేదు. దొరసాని కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, దాని మొహం దగ్గరగా మొహం పెట్టి అడిగింది.

"నీకు కూడా తెలుసా అమ్మా? మొదటి రోజు నుంచీ?"

"తెలుసు" అంది దొరసాని. ఈసారి చిన్నగా అంది.

"మరి మేం రోజూ వస్తుంటే నవ్వేదానివి కదమ్మా. ఎందుకు నవ్వేదానివి?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. దొరసాని నోరు తెరిచింది. ఎంత పెద్ద మనిషికైనా ఎదురు చెప్పే నోరు. ఈసారి అది కుర్చీలోనే వెనక్కి తిరిగి నా వైపు చూసింది. జవాబు నేను చెప్పాలి. చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను ఉయ్యాల వైపు చూశాను. గడియ సరిగా పడిందో లేదో చూసొస్తానని చెప్పి, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాను.